ఆడిన సినిమా, నిలిచిన సినిమా

"వంద రోజులాడిన బొమ్మను పట్టుకుని మంచి సినిమా కాదంటారేంటి మాస్టారూ?" అని మా గోరేబాళలో టీ కొట్టు దగ్గర ఒక రైతు మిత్రుడు నన్ను నిలదీశాడు. అప్పటికప్పుడు జవాబు తోచలేదు. ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటాను.

తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళను నమ్ముకుని, కోస్తా జిల్లాల నుంచి వచ్చి సింధనూరు చుట్టుపక్కల క్యాంపులు వేసుకున్నవాళ్ళం మనం. పిల్లల చదువు కన్నడంలో. తెలుగు ఇంట్లో మాట, ఆపైన సినిమా. అంచేత తెర మీద తెలుగు వినబడితే చాలు, ప్రాణం లేచి వస్తుంది. సినిమా నచ్చిందో, మన భాష విన్నామన్న సంతోషమో విడదీసి చూసుకోం. ఇందులో నేనూ ఉన్నాను.

జనాదరణ అబద్ధమని అనను. ప్రేక్షకుడి ఆకలి ఎలాంటిదో అది చెబుతుంది. వంట ఎలా కుదిరిందో తెలియాలంటే వేరే ప్రశ్నలు వేసుకోవాలి. పాత్ర తన స్వభావం కొద్దీ నడిచిందా, దర్శకుడు తోస్తే నడిచిందా? పాట కథలోంచి పుట్టిందా? రెండోసారి చూస్తే కొత్తగా ఏమన్నా కనబడిందా?

జనం మెచ్చిందల్లా నాసిరకమనే పండితులతోనూ నాకు పేచీ ఉంది. 1980లో వచ్చిన 'శంకరాభరణం'లో కథానాయకుడు వయసు మళ్ళిన సంగీత విద్వాంసుడు. ఆ పాత్ర వేసిన సోమయాజులు అప్పటికి స్టారు కాదు. అయినా జనం విరగబడి చూశారు. గడీలో దాసి బతుకును ఆర్భాటం లేకుండా చూపిన బి. నర్సింగరావు 'దాసి' (1988)కి అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి. దాన్ని హాల్లో చూసినవాళ్ళు మనలో ఎందరు?

మనకు మరీ దగ్గరి ఉదాహరణ పఠాభి. 'ఫిడేలు రాగాల డజన్' రాసిన ఈ తెలుగు కవి, కె.వి. రెడ్డితో కలిసి 1958లో 'పెళ్ళినాటి ప్రమాణాలు' వంటి వినోద చిత్రం నిర్మించాడు. ఆయనే అనంతమూర్తి నవలను 1970లో కన్నడంలో 'సంస్కార'గా తీశాడు. సెన్సారు మొదట దాన్ని అడ్డుకుంది. తరవాత అదే జాతీయ ఉత్తమ చిత్రమైంది. కన్నడ సినిమాకు ఆ గౌరవం అదే తొలిసారి. తీసినవాడు తెలుగువాడు, తీసింది మనం బతుకుతున్న రాష్ట్రం భాషలో. అయినా మన క్యాంపుల్లో ఆ పేరెత్తగా నేను వినలేదు. తెలుగు వినబడలేదు గనక అది మన సినిమా కాకుండా పోయింది.

నా మిత్రుడికి నా జవాబు ఇదీ: వంద రోజులంటే ఎందరు చూశారన్న లెక్క. ఆ లెక్క నీదే, కాదనను. ఒక రాత్రి మా ఇంటికి రా, 'సంస్కార' చూద్దాం. ఆ అగ్రహారం కన్నడం మనకు కొరుకుడు పడని చోట మా పిల్లలు చెబుతారు. చూశాక కూడా నీకు నచ్చకపోతే, ఎందుకు నచ్చలేదో చెప్పు. వింటాను.