బుద్ధజయంతి ఉద్యానం: శిల, వృక్షం, ప్రతిమ

ఢిల్లీలోని బుద్ధజయంతి ఉద్యానాన్ని ‘జపాన్ తరహా తోట’ అని ఒక్క మాటలో తేల్చివేయడం పరిపాటి. ఆ మాట అబద్ధం కాదు. అయితే అక్కడ అసలు చూడవలసినదానిని అది కప్పివేస్తున్నది.

1956లో జరిగిన 2500వ బుద్ధజయంతికి స్మారకంగా, ఆరావళి గుట్టల కొసన ఉన్న రిడ్జ్ అడవిలో ఈ ఉద్యానం రూపొందింది. రూపకర్త ఎం.ఎం. రాణా. శ్రీలంక నుండి తెచ్చిన బోధివృక్షపు మొక్కను 1964 అక్టోబరు 25న నాటి ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి ఇక్కడ నాటారు. వంకలు తిరిగే కాలిబాటలు, సన్నని నీటిపాయలు, చిన్న వంతెనలు, ఎత్తుపల్లాల పచ్చిక చూసి జపాన్ పోలిక తెచ్చారు. హుమాయూన్ సమాధి తోట చూసి ఇక్కడికి వచ్చినవారికి తేడా వెంటనే తెలుస్తుంది. అక్కడ నీరు గీసిన గీత మీద నడుస్తుంది. ఇక్కడ నేల వాలును బట్టి పోతుంది.

కాని వంతెనలూ వంకరబాటలూ ఉన్నంత మాత్రాన జపాన్ తోట కాదు. పదకొండవ శతాబ్దపు ‘సకుతేఇకి’ గ్రంథం తోట నిర్మాణాన్ని ప్రధానంగా శిలల అమరికగా భావించింది. క్యోటోలోని ర్యోఆన్‌జీ ఆలయపు తోటలో పదిహేను శిలలున్నాయి. వసారాలో ఎక్కడ కూర్చున్నా ఒకటైనా కంటికి అందదు. వాటిని ఎవరూ ప్రతిమలుగా చెక్కలేదు. ఈ దృష్టితో చూస్తే రాణా పనితనం వంతెనలలో కాక, రిడ్జ్ నేలను చదును చేయక దాని ఎగుడుదిగుళ్లనే తోటగా మలచడంలో కనబడుతుంది. జపాన్ నాచు ఢిల్లీ ఎండకు నిలవదు. దానికి బదులు పరచిన పచ్చిక నీటికోసం ఎదురుచూసే అతిథే. తోట వెలుపలి కొండనో అడవినో దృశ్యంలో కలుపుకొనే పద్ధతిని జపనీయులు ‘షక్కెయ్’ అంటారు. ఇక్కడ అలా అరువుకు దొరికేది చాలావరకు మన పల్లెలు బాగా ఎరిగిన సర్కారు తుమ్మే!

1964 నాటి ఆ తోటకు కేంద్రం ఒక చెట్టు. అమరావతి తొలి శిల్పులు తథాగతుని పాదముద్రలుగా, శూన్యాసనంగా, బోధివృక్షంగా చూపారు. మానవరూపం తరువాత వచ్చింది. ఆ ప్రాచీన సంయమనం ఈ తోటలో మూడు దశాబ్దాలు నిలిచింది. 1993 అక్టోబరులో దలైలామా ఇక్కడ బుద్ధప్రతిమను ప్రతిష్ఠించారు. అప్పటినుండి నీరు, మంటపం, బంగారు పూత కలిసి చూపును ఒకేచోట కట్టివేస్తున్నాయి. నడుస్తూ క్రమంగా తెలుసుకోవలసిన తోట, దూరం నుండి చూసి ఛాయాచిత్రం తీసుకొనే స్థలంగా మారింది. బోధివృక్షం పక్కకు జరిగిపోయింది.

భిక్షువులకు వందనస్థలం అవసరమే కనుక ప్రతిమ ఉండటంపై ఈ రచయితకు అభ్యంతరం లేదు. దానికీ వృక్షానికీ నడుమ సంబంధం కల్పించకపోవడమే లోపం. నాగార్జునకొండ స్థపతులకు ఇదే సమస్య ఎదురైంది. అక్కడి కొన్ని విహారాలలో రెండు చైత్యగృహాలు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకదానిలో స్తూపం, రెండవదానిలో బుద్ధప్రతిమ. ఒకటి రెండవదానిని మింగివేయలేదు. ఏ సంప్రదాయపు ఉపాసకుడైనా రెంటి మధ్యగా నడిచి వెళ్లవలసిందే.

2022లో నాగార్జునసాగర్ వద్ద ప్రారంభమైన 274 ఎకరాల బుద్ధవనంలో ఇకముందు ఏమి చేర్చాలన్నా, నిర్ణేతలు ముందు ఆ జంట చైత్యాల నేలచిత్రాన్ని ముందర పెట్టుకోవాలి. ఢిల్లీలో ఖర్చు ఇంకా తక్కువ. బోధివృక్షం నుండి మంటపానికి ఒక స్పష్టమైన కాలిబాట, ఆ చెట్టు చుట్టూ కూర్చొనేందుకు చెక్కని బండలు నాలుగు చాలు.