శ్వాసకు వేయు మార్కులు

వార్డులోని రోగికి హఠాత్తుగా విషమించినదని బంధువులు చెప్పుదురు. కాని చాలమంది విషయములో ఆ హఠాత్తునకు కొన్ని గంటల ముందునుండియే శరీరము సూచనలు ఇచ్చుచుండును. వానిని పట్టుకొనుటకు లండనులోని రాయల్ కాలేజి ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో ఒక పట్టికను ప్రకటించి, 2017లో సవరించినది. దీనిని పొడి అక్షరములతో 'న్యూస్' అందురు. శ్వాస, రక్తములోని ఆమ్లజని, రక్తపీడనము, నాడి, స్పృహ, ఉష్ణోగ్రత - ఈ ఆరింటిని నర్సు పరీక్షించి, ఒక్కొక్కదానికి సున్న నుండి 3 వరకు మార్కులు వేయును. రోగికి ఆమ్లజని పెట్టియున్నచో మరి 2 కలుపును. బడి పరీక్షలో మార్కులు హెచ్చుట మంచిది, ఇక్కడ కాదు. మొత్తము 5 అయినచో వైద్యుని త్వరగా పిలువవలెను. 7 అయినచో అత్యవసరము.

పట్టిక సులభమైనది, కూడిక వచ్చినవారెవరైన వేయగలరు. దాని బలహీనత కూడికలో లేదు. ఒక రోగికి నాడి 104, పై రక్తపీడనము 106, ఆమ్లజని 97 శాతము, జ్వరము లేదు, స్పృహ చక్కగా ఉన్నది, శ్వాస నిముషమునకు 26 అనుకొందము. నాడికి 1, పీడనమునకు 1, శ్వాసకు 3, మొత్తము 5. శ్వాసను లెక్కింపక అలవాటు చొప్పున 20 అని వ్రాసినచో మొత్తము 2 మాత్రమే. వైద్యుడు రాడు.

లఘులోలకమును ఊపకయే ఫలితము వ్రాయు విద్యార్థిని ఉపాధ్యాయులు ఎరుగుదురు. శ్వాస విషయములోను ఇదే జరుగుచున్నదని 2008లో ఆస్ట్రేలియా వైద్యపత్రికలోని ఒక వ్యాసము ఎత్తి చూపినది. లెక్కించువారు కూడ తరచు 15 సెకనులు చూచి నాలుగుతో హెచ్చవేయుదురు. అప్పుడు 16, 20, 24 తప్ప నడిమి సంఖ్యలు రానే రావు. పట్టికలో 20కి సున్న, 21కి 2. ఒక్క శ్వాస పొరపాటుతో రోగి ఈ గట్టునుండి ఆ గట్టునకు పోవును. నాడి పట్టుకొనియే ఉండి, రోగికి తెలియకుండ పూర్తి నిముషము లెక్కించుట సరియైన పద్ధతి. చూచుచున్నారని తెలిసినచో ఎవరి శ్వాసయైనను మారును.

శ్రీకాకుళము జిల్లాలో ఇది మరింత ముఖ్యము. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములు గల ఉద్దానములో దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి విస్తారముగా ఉన్నది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి ఇందుకొరకే ప్రారంభమైనది. మూత్రపిండములు చెడినప్పుడు రక్తములో ఆమ్లము పేరుకొనును. శరీరము బొగ్గుపులుసు వాయువును ఎక్కువగా వెలికి పంపి ఆ ఆమ్లమును తగ్గింపజూచును. అందుచేత శ్వాస లోతగును, తరచు వేగము కూడ హెచ్చును. ఊపిరితిత్తులు మాత్రము బాగుగనే ఉండవచ్చును. వ్రేలికి తగిలించిన ఆక్సీమీటరు 98 చూపుచుండగా రోగి ఎగశ్వాసతో కూర్చుండియుండును. యంత్రము అబద్ధమాడుట లేదు; అది ఆమ్లమును కొలువదు, అంతే. పైగా ఈ పట్టికలో శ్వాస లోతునకు గడి లేదు, మూత్రము ఎంత వచ్చినదో వ్రాయుటకును లేదు. ఇంగ్లండు వార్డులకై కూర్చిన దానిని విజయనగరము, శ్రీకాకుళము వార్డులకు తెచ్చుకొనువారు ఈ రెండింటికి చోటు కల్పించుకొనవలసియున్నది. "రాత్రంతా పడుకోలేదండీ, కూర్చునే ఉన్నాడు" అను తల్లి మాటకు కూడ ఒక గడి ఉన్న తప్పులేదు.

నర్సుల పరిజ్ఞానమును కొలుచు పరిశోధనలు సాధారణముగ ప్రశ్నపత్రముతో సాగును. ఆరోగ్యవంతుని శ్వాస ఎంత అని అడిగిన, సరియైన జవాబే వచ్చును. దానినిబట్టి ఆ రాత్రి ఆమె లెక్కించినదో లేదో తెలియదు. లెక్కింపనిచో అది అజ్ఞానమని చెప్పుటకును వీలులేదు. 30 పడకల వార్డులో ఒక్కొక్కరికి నిముషము చొప్పున, ఒక్క శ్వాసకే అరగంట పట్టును. మందులు, సెలైను సీసాలు, కొత్తగా చేరినవారు వేరు. ఒకే నర్సు ఉన్న రాత్రి ఆ అరగంట ఎక్కడనుండి రావలెనో పట్టికలో లేదు, ప్రశ్నపత్రములోను లేదు.