ఊరని ఆవకాయ, పూర్తికాని ఆట

ఆవకాయ కలిపి జాడీలోకి ఎత్తిన రోజే మూత తీసి రుచి చూసే మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. మా ఇంట్లో ఆ మనిషి మావారు. మూడోనాడు తిరగ కలిపేదాకా ఆగండి మహాప్రభో అన్నా వినరు. వేడన్నంలో కలుపుకుని, "ముక్క ఊరలేదోయ్, ఉప్పు కూడా పట్టినట్టు లేదు" అని తీర్పు చెప్పేస్తారు. ఊరని ముక్కను ఊరలేదనడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు గదా! అయినా ఏటా ఇదే తంతు.

ఈ ఆవకాయ గొడవ ఇప్పుడెందుకంటే, పూర్తికాని వీడియో గేములను డబ్బిచ్చి కొనుక్కునే ఆచారం ఒకటి లోకంలో బాగా వేళ్లూనుకుంది. దానికి 'ఎర్లీ యాక్సెస్' అని పేరు. తయారుచేసేవాళ్లు సగంలో ఉన్న ఆటను అమ్మకానికి పెడతారు. కొన్నవాళ్లు ఆడుతూ, ఇక్కడ మనిషి గోడలోంచి దూరిపోతున్నాడు, అక్కడ మెట్లు గాలిలో తేలుతున్నాయి అని వాళ్లకు చెబుతుంటారు. వాళ్లు ఈ డబ్బుతో, ఈ సలహాలతో మిగతా సగం కడతారు. కంప్యూటర్ ఆటలమ్మే స్టీమ్ అనే పెద్ద దుకాణం 2013 మార్చిలో ఇలాంటి వాటికోసం ఒక ప్రత్యేక విభాగమే తెరిచింది.

ఇదంతా కుర్రకారు వ్యవహారం, మనకెందుకని పేజీ తిప్పేయకండి. ఆ డబ్బు ఎవరి పోపులపెట్టెలోంచి వెళుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పైగా మావాడి విషయంలో పోయింది డబ్బొక్కటే కాదు.

మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడు చదువుతుండగా, కింద వాటాలో ఉన్న పిల్లలకు వేసవి సెలవుల్లో లెక్కలు చెప్పాడు. వాళ్లమ్మగారు చేతిలో పెట్టిన పదిహేను వందలే వాడి జీవితంలో మొదటి సంపాదన. అందులో అయిదు వందలతో నాకొక జాకెట్టు గుడ్డ తెచ్చాడు. మిగతాదాంట్లోంచి ఒక ఆట కొన్నాడు. దాని పేరు చెప్పను. ఒక దీవిలో చిక్కుకుపోయిన మనిషి కట్టెలు ఏరుకుని, గుడిసె వేసుకుని బతకాలి. ప్రస్తుతానికి ఒక్క దీవే ఉంది, ముందు ముందు నాలుగు దీవులూ, వాటి మధ్య తిరగడానికి పడవా వస్తాయని రాసిపెట్టారు.

పడవ రాలేదు. మొదటి మూడు నెలలూ ఏవో చిన్న చిన్న మార్పులు వచ్చాయి. తర్వాత అవీ ఆగిపోయాయి. మావాడు కాలేజీనుంచి రాగానే, కాళ్లయినా కడుక్కోకుండా, కంప్యూటర్ తెరిచి అప్‌డేట్ వచ్చిందా అని చూసేవాడు. ఇలా ఒక ఏడాది గడిచింది. ఒకరోజు నేను కాఫీ పట్టుకెళ్లేసరికి, ఆ దీవి ఒడ్డున తన బొమ్మను నిలబెట్టి ఊరికే సముద్రంకేసి చూస్తున్నాడు. "ఏం చేస్తున్నావురా?" అంటే, "ఏం లేదమ్మా, పడవ ఇటువైపునుంచే వస్తుందేమో అనుకునేవాణ్ణి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడనుకోండి. నాకు మాత్రం కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది.

ఆ కోపంలో, పూర్తికాని ఆట కొనడమంత తెలివితక్కువ పని మరొకటి లేదని తీర్మానించేశాను. కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి. పూర్తికాని వస్తువును డబ్బిచ్చి కొనడం మనకు మాత్రం కొత్తా? వారపత్రికలో సీరియల్ మొదలైన వారమే చదవడం మొదలుపెట్టిన తరం మనది. నాయిక ఎవరిని పెళ్లాడుతుందో అప్పటికి రచయిత్రికయినా తెలుసో లేదో! అయినా వారం వారం కొన్నాం. అయితే ఒక్క తేడా ఉంది. ఆ వారం డబ్బుకి ఆ వారం భాగం చేతికొచ్చేది. రాబోయే యాభై వారాలకూ ముందే వసూలు చేసి, మూడోవారం పత్రిక ఎత్తేసి వెళ్లిపోలేదెవరూ. అందుకని కాస్త నిదానించి, ఇలా అమ్మిన ఆటల్లో ఏవి నిలిచాయో, ఏవి మునిగాయో మావాణ్ణి పక్కన కూచోబెట్టుకుని చూశాను.

నిలిచినవాటిలో మొదట చెప్పుకోవలసింది మైన్‌క్రాఫ్ట్. మార్కస్ పెర్సన్ అనే స్వీడన్ దేశస్థుడు 2009లో, అంటే స్టీమ్ ఆ విభాగం తెరవడానికి నాలుగేళ్ల ముందే, దీన్ని సగంలో అమ్మడం మొదలుపెట్టాడు. పూర్తయింది 2011 నవంబరులో. అప్పటికే పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. నాకు నచ్చిన సంగతేమిటంటే, పచ్చిగా ఉన్నప్పుడు ధర పది యూరోల లోపు, పూర్తయ్యాక ఇరవై యూరోల లోపు. ముందు నమ్మినవాడికి సగం ధరకే దక్కింది, తర్వాత వచ్చినవన్నీ ఉచితంగా అందాయి. నష్టపోయే భయం కొన్నవాడిదైనప్పుడు, తగ్గింపు కూడా వాడికే దక్కడం న్యాయం. అదీకాక, అది దిమ్మెలు పేర్చి ఇళ్లూ కోటలూ కట్టుకునే ఆట. పిల్లలకు ఇసుక కుప్ప చూపిస్తే, "ఇది పూర్తయిందా?" అని అడగరు గదా, ఆడుకుంటారంతే. అలాంటి ఆటకు అసంపూర్ణత్వం లోపమే కాదు.

కథ ఉన్న ఆటల మాటేమిటి? కథకు ముగింపే ప్రాణం కాబట్టి, సగం కథ అమ్మడం అన్యాయమేననుకున్నాను. హేడిస్ అనే ఆట నా అభిప్రాయాన్ని కొంత మార్చింది. 2018 డిసెంబరులో సగంలో అమ్మకానికి వచ్చి, 2020 సెప్టెంబరులో పూర్తయింది. గ్రీకు పురాణాల్లోని పాతాళరాజు కొడుకు ఇల్లు విడిచి పైలోకానికి పారిపోవాలని చూస్తాడు. ఓడినప్పుడల్లా మళ్లీ తండ్రి గడపలోనే తేలతాడు, మళ్లీ బయల్దేరతాడు. మన చందమామ బేతాళ కథల్లో శవం మళ్లీ మళ్లీ చెట్టెక్కినట్టన్నమాట. ప్రతి ప్రయత్నంలోనూ ఇంట్లోవాళ్లు కొత్త మాట మాట్లాడతారు. మళ్లీ మొదటికి రావడమే ఆ కథ అల్లికలో ఉంది గనుక, అప్‌డేట్ వచ్చినప్పుడల్లా మళ్లీ మొదలుపెట్టడం విసుగనిపించలేదు. అసలు ముగింపును మాత్రం పూర్తి విడుదల దాకా దాచి ఉంచారు. 2021లో దానికి హ్యూగో పురస్కారం కూడా వచ్చింది. పూర్తికాకుండా అమ్మడానికి వీలుగా కథను అల్లుకోవడం కూడా ఒక నేర్పేనని ఒప్పుకున్నాను.

బాల్డర్స్ గేట్ 3 దగ్గర నాకు అంత సమాధానం కలగలేదు. బెల్జియం దేశపు లారియన్ సంస్థ 2020 అక్టోబరులో దాని మొదటి అంకం మాత్రమే అమ్మింది, అదీ అరవై డాలర్ల పూర్తి ధరకు. పూర్తి ఆట 2023 ఆగస్టులో వచ్చింది. గొప్ప ఆట, ఆ ఏడాది మేటి ఆటగా బహుమతి కొట్టింది, కాదనను. కానీ ముందు కొన్నవాళ్లు దాదాపు మూడేళ్లు ఆ ఒక్క అంకంలోనే తిరిగారు. పూర్తి ఆట వచ్చాక, పాత ఆటలో దాచుకున్నవేవీ దానికి పనికిరాక మళ్లీ మొదటినుంచే మొదలుపెట్టారు. కథను కథగా ఆస్వాదించదలచుకున్నవాళ్లు ఆగి ఉంటే, ఆ మొదటి అంకం వాళ్లకు కొత్తగా ఉండేది. ఆవకాయ మొదటిరోజే రుచి చూసినవాళ్లకు, అది ఊరాక మొదటి ముద్దలో ఉండే ఆనందం దక్కదు.

ఇక మునిగినవి. స్పేస్‌బేస్ డీఎఫ్-9 అనే ఆట 2013 అక్టోబరులో ఎర్లీ యాక్సెస్‌లోకి వచ్చింది. తయారుచేసినవాళ్లు పేరున్నవాళ్లే. అమ్మకాల డబ్బు ఖర్చులకు చాలక, ఏడాది తిరగగానే అనుకున్నవెన్నో వదిలేసి, ఉన్నదానికే 'పూర్తయింది' అని చీటీ అంటించారు. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ సంగతి ఇంకా బాధాకరం. రాకెట్లు కట్టి గ్రహాలకు పంపే ఆ ఆటను మెక్సికోలో ఒక చిన్న బృందం సగంలో అమ్మడం మొదలుపెట్టి, 2015లో చక్కగా పూర్తిచేసింది. ఆ మంచిపేరే పూచీగా రెండోదాన్ని వేరేవాళ్లు 2023 ఫిబ్రవరిలో యాభై డాలర్లకు ఎర్లీ యాక్సెస్‌లో పెట్టారు. ఇతర గ్రహాలమీద కాలనీలు, వేరే నక్షత్రాలకు ప్రయాణం, పదిమంది కలిసి ఆడుకోవడం వస్తాయన్నారు. అవేవీ రాకుండానే 2024లో పని ఆగిపోయింది. అక్కగారి సంబంధం బాగా కుదిరిందని అదే ఇంట్లో చెల్లెలినీ ఇచ్చినట్టయింది పాపం! తీరా చూస్తే ఇంటిపేరొకటే, మనుషులు వేరు.

ఇక్కడ నాకు అపార్ట్‌మెంట్లు గుర్తుకొచ్చాయి. పునాదులైనా లేవకముందే బ్రోచర్ చూసి ఫ్లాటు కొనేవాళ్లం గదా మనం. అలా మునిగినవాళ్ల గోడు పడలేకే 2016లో రెరా చట్టం వచ్చింది. కొన్నవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం విడిగా ఒక ఖాతాలో వేసి, ఆ కట్టడానికే ఖర్చుపెట్టాలి. ఆటలకు అలాంటి ఖాతా లేదు. ఉన్నదల్లా ఒక రాత. స్టీమ్‌లో ఇలాంటి ప్రతి ఆట పేజీలోనూ, ఇది ఇంకా పూర్తికాలేదు, ఇకముందు మారవచ్చు, మారకపోవచ్చు, ఇవాళ ఉన్న స్థితిలో ఆడాలని ఉత్సాహం లేకపోతే ఆగండి అన్న అర్థంలో రాసే ఉంటుంది. మావాడు కొన్న దీవి పేజీలోనూ ఉంది. ఇద్దరం కలిసి చదివాం. "ఇది చదవలేదుట్రా?" అంటే, "చదివానమ్మా. కానీ కింద పడవ బొమ్మ ఉంది" అన్నాడు. నేనేమీ అనలేకపోయాను. మా ఫ్లాటు బ్రోచర్‌లో ఈతకొలను బొమ్మ చూసి సంతకం పెట్టినదాన్ని నేనే.

అలాగని పూర్తయిందన్న ప్రతి ఆటా పూర్తయినదనుకోవడం కూడా పొరపాటే. సైబర్‌పంక్ 2077ను 2020 డిసెంబరులో పూర్తయిందనే అమ్మారు. అది పాత ప్లేస్టేషన్లలో ఎంత అధ్వాన్నంగా నడిచిందంటే, వారం తిరిగేసరికి సోనీ తన దుకాణంలోంచి తీసేసి డబ్బు వాపసిస్తామంది. మళ్లీ అందులో పెట్టింది 2021 జూన్‌లోనే. ఊరలేదని చెప్పి వడ్డించినవాడికంటే ఊరిందని చెప్పి వడ్డించినవాడిది పెద్ద తప్పు.

ఎరిక్ బరోన్ అనే ఆయన మరో రకం మనిషి. స్టార్‌డ్యూ వ్యాలీ అనే పల్లెటూరి వ్యవసాయపు ఆటను నాలుగేళ్లకు పైగా ఒక్కడే చేశాడు. బొమ్మలూ ఆయనవే, సంగీతమూ ఆయనదే. సగంలో అమ్ముకోవడం ఇష్టంలేక, 2016 ఫిబ్రవరిలో తనకు తృప్తి కలిగాకే బయటపెట్టాడు. ఆ సంవత్సరాల్లో ఇల్లు గడవడానికి నాటకశాలలో పనిచేశాడు. ఆయన నిగ్రహానికి దణ్ణం పెట్టవలసిందే. కానీ అన్నేళ్లు ఇల్లు గడుపుకునే వీలు అందరికీ ఉండదనీ, సగం ఆట అమ్ముకునేవాళ్లంతా మోసగాళ్లు కారనీ కూడా అప్పుడే అనిపించింది.

మన మహాభారతమూ మధ్యలో ఆగినదే గదా! పదకొండో శతాబ్దంలో నన్నయ్య అరణ్యపర్వం మధ్యలో ఆపితే, రెండువందల ఏళ్ల తర్వాత తిక్కన విరాటపర్వంనుంచి అందుకున్నాడు. మిగిలిపోయిన అరణ్యపర్వాన్ని పధ్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూరించి, ఎప్పుడో పోయిన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. బాకీ ఎవరిదో మరిచిపోలేదన్నమాట! కానీ ప్రతి దీవికీ ఒక ఎర్రన దొరుకుతాడని నమ్మి మనం డబ్బు కట్టలేం.

అందుకని నా మట్టుకు నేను మూడు ప్రశ్నలు పెట్టుకున్నాను. రేపటినుంచి ఒక్క మార్పూ రాకపోయినా, ఇవాళ ఉన్నది ఈ ధరకు చాలునా? ఇది ఇసుక కుప్పా, కథా? కథయితే ముగింపుదాకా ఆగడమే మేలు. మూడోది, చేస్తున్నవాళ్లు ఇదివరకు ఏదయినా పూర్తిచేశారా? పేరు కాదు, మనుషులు. ఇవన్నీ చూసుకుని కొన్నా పొరపాటు జరిగితే, కొన్న పధ్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకుండా ఉంటే, స్టీమ్ డబ్బు వాపసిస్తుంది. మావాడికి ఆ సంగతి తెలుసు. పడవకోసం చూస్తూ పధ్నాలుగు రోజులు దాటించేశాడు.

మొన్న వాడు ఇంకో పూర్తికాని ఆట చూపించాడు. రైలు పట్టాలు వేసుకుని బళ్లు నడుపుకోవడం. నేను నోరు తెరవకముందే, "బొమ్మలు చూళ్లేదమ్మా, ఉన్నదేమిటో మాత్రమే చూశాను" అన్నాడు. కొన్నాడు. వారం పోయాక ఎలా ఉందిరా అనడిగాను.

"ఉన్నంతవరకూ బావుంది" అన్నాడు.

కాలేజీనుంచి రాగానే ఇప్పుడు ముందు కాళ్లు కడుక్కుంటున్నాడు. మావారు మాత్రం ఈ ఏడూ జాడీ మూత మొదటిరోజే తీశారు.