పేరు అడగొచ్చా?

ఈ వారం ఈ కాలమ్ రచయిత్రికి కోపం తెప్పించింది నలభై సెకన్ల వీడియో. పంపింది సొంత చెల్లెలి కొడుకే. లండన్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. శుక్రవారం రాత్రుళ్లు తన చర్చి యవ్వనస్తులతో కలిసి స్ట్రాండ్ వీధికి వెళ్లి, ఫుట్‌పాత్‌ల మీద పడుకునేవాళ్లకు వేడి టీ, శాండ్‌విచ్‌లు ఇచ్చి వస్తుంటాడు. వీడియోలో మూసేసిన దుకాణం గుమ్మం ముందు అట్టముక్కలు పరుచుకుని ఒక ముసలాయన కూర్చున్నాడు. ఆయన చేతికి టీ కప్పు ఇచ్చారు. పేరు అడిగారు. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అంతసేపూ ఫోన్ కెమెరా ఆయన ముఖం మీదే ఉంది.

ఆమె అప్పటికప్పుడు ఫోన్ చేసి చీవాట్లు పెట్టింది. "చలిలో కూర్చున్న మనిషికి టీ ఇచ్చి వచ్చెయ్యక, పేరెందుకురా? ఆ ప్రార్థనెందుకు? ఆ ఫోనెందుకు?"

"క్లాసుకి టైమైంది పెద్దమ్మా, ఆదివారం మాట్లాడతా" అన్నాడు వాడు.

అన్నం పెట్టేవాళ్లు ఊరూ పేరూ అడక్కూడదన్నది ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు వచ్చిన మాట. డొక్కా సీతమ్మ గారిని తలుచుకోకుండా ఇక్కడ ఏడాది గడవదని పాఠకులకు తెలుసు. కోనసీమలోని లంకల గన్నవరంలో వేళకాని వేళ తలుపు తట్టినవాళ్లకు కూడా ఆకు వేసి వడ్డించిన ఇల్లాలు ఆమె (1841–1909). కులమేదని, ఊరేదని అడిగేవారు కాదు. లండన్ వీధుల్లో క్రైస్తవులు చేసే సేవను కూడా ఈ రచయిత్రి ఇన్నాళ్లూ ఆ కొలతతోనే చూసింది.

ఆ సేవకు పెద్ద చరిత్రే ఉంది. విలియం బూత్, భార్య కాథరీన్‌తో కలిసి 1865లో తూర్పు లండన్‌లోని వైట్‌చాపెల్‌లో మొదలుపెట్టిన మిషన్ 1878లో సాల్వేషన్ ఆర్మీ అయింది. మన గుంటూరు వైపు దాన్నే రక్షణ సైన్యం అంటారు. 1887 చలికాలంలో ఒక రాత్రి లండన్ బ్రిడ్జి దాటుతూ, రాతిగోడ సందుల్లో ముడుచుకుని పడుకున్న మనుషుల్ని బూత్ చూశాడు. తెల్లారగానే కొడుకు బ్రామ్‌వెల్‌ని పిలిచి, వాళ్లకోసం ఏదో ఒకటి చెయ్యమన్నాడు. 1888లో లైమ్‌హౌస్‌లో చౌకగా తిండీ పడకా దొరికే ఆశ్రయం తెరిచారు.

తర్వాత తెరిచిన ఆశ్రయాల్లో ఒక పెన్నీ ఇస్తే రాత్రంతా బల్ల మీద కూర్చోవచ్చు. నాలుగు పెన్నీలిస్తే శవపేటికలాంటి చెక్కపెట్టెలో టార్పాలిన్ కప్పుకుని పడుకోవచ్చు. ఇప్పుడు వింటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ 1824 నాటి చట్టం ప్రకారం ఆరుబయట పడుకుంటే జైలుకు పంపే దేశంలో, పోలీసు వచ్చి లేపని చోటు అది.

1890లో అచ్చయిన తన పుస్తకంలో బూత్ బండిగుర్రం సంగతి రాశాడు. లండన్ వీధిలో గుర్రం కాలు జారి పడితే తప్పెవరిదని ఎవరూ విచారించరు, ముందు లేపి నిలబెడతారు. బతికినన్నాళ్లూ దానికి దాణా, పాక, పని ఉంటాయి. ఆ మాత్రం మనిషికీ దక్కాలన్నది ఆయన వాదం.

సుమారు నలభై ఏళ్ల తర్వాత జార్జ్ ఆర్వెల్ అదే నగరంలో ఇల్లులేనివాళ్లతో కలిసి తిరిగి, 1933లో 'డౌన్ అండ్ అవుట్ ఇన్ పారిస్ అండ్ లండన్' ప్రచురించాడు. అందులోని రెండు ఘట్టాలను ఈ పనికి వెళ్లే ప్రతివాళ్లూ చదవాలి. ఒకటి కింగ్స్ క్రాస్ దగ్గరి చర్చిలో జరిగింది. జామ్ సీసాలో టీ, ఆరు రొట్టెముక్కలు ఇచ్చి, అవి తిన్నందుకు ఆరాధనలో కూర్చోవాలన్నారు. పై వరసల్లో కూర్చున్న వందమంది కబుర్లు, నవ్వులు మొదలుపెట్టారు. కింద ప్రార్థన చేసుకునేవాళ్ల మీదికి రొట్టె ఉండలు విసిరారు. రెండోది థేమ్స్ ఒడ్డున ఎంబాంక్‌మెంట్ మీద జరిగింది. బిడియస్తుడైన ఒక కుర్ర పాస్టరు వరసలో నిలబడ్డవాళ్లకు భోజనం టికెట్లు ఇస్తూ, కృతజ్ఞతలకైనా ఆగకుండా గబగబా వెళ్లిపోయాడు. అక్కడివాళ్లందరికీ ఆయనంటే ఇష్టం కలిగింది.

పేరు అడగడమంటే ఈ రచయిత్రికి భయం పుట్టించింది మాత్రం పుస్తకాలు కావు, ఇంటి దగ్గరి ఊరు.

చిన్నప్పుడు బాపట్ల నుంచి చీరాలకు రైల్లో వెళ్తుంటే మధ్యలో స్టువర్టుపురం స్టేషను వచ్చేది. రైలు నెమ్మదించగానే అమ్మమ్మ ట్రంకుపెట్టెను కాళ్ల దగ్గరికి లాక్కునేది. పెట్టెలో ఉన్నది పిల్లల బట్టలూ, ఒక సీసాడు ఆవకాయా. అయినా ఆ పేరు వింటేనే పెద్దవాళ్లందరికీ భయం. ఆ ఊరు ఎలా పుట్టిందో ఆమెకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. లండన్ వంతెన మీద మొదలైన కథ నడిచి నడిచి అక్కడిదాకా వచ్చింది. బూత్ అల్లుడు ఫ్రెడరిక్ బూత్-టక్కర్ 1882లో బొంబాయిలో దిగి, కాషాయం కట్టి, మన దేశంలో రక్షణ సైన్యాన్ని నెలకొల్పాడు. పట్నపు పేదలకు భూమీ పనీ చూపిస్తే బాగుపడతారన్న మామగారి ఆలోచనను, తెల్లప్రభుత్వం నేరజాతులని ముద్రవేసిన కుటుంబాలకు వర్తింపజేశాడు. అలా 1910ల్లో ఎరుకల కుటుంబాలను తెచ్చి స్టువర్టుపురంలో పెట్టారు. బడి పెట్టారు, పొలాలిచ్చారు, చీరాల పొగాకు కంపెనీలో పని చూపించారు. ప్రార్థన సరేసరి. అయితే హాజరు పిలిచే పద్ధతి కూడా పెట్టారు. రిజిస్టరులో పేరు పిలిస్తే పలకాలి. పాసు లేకుండా ఊరు దాటకూడదు.

ఆ ముద్ర వేసిన నేరజాతుల చట్టం రద్దయి డెబ్బై ఏళ్లు దాటింది. అమ్మమ్మ ట్రంకుపెట్టెను లాక్కున్నది ఆ చట్టం పోయిన చాలాకాలానికే.

1970ల్లో అదే ఊళ్లో పనికి దిగినవారు హేమలతా లవణం. కవి గుర్రం జాషువా కూతురు, నాస్తికోద్యమ నాయకుడు గోరా కోడలు. ఆమె చేతిలో బైబిలూ లేదు, హాజరుపట్టీ లేదు. దొంగలని లోకం పేరుపెట్టినవాళ్లతో కూర్చుని మాట్లాడారు. పేరు తెలుసుకోకుండా అది జరిగే పని కాదన్న ఆలోచన ఈ రచయిత్రికి ఆదివారం దాకా రాలేదు.

ఆదివారం చెప్పినట్టే ఫోన్ చేశాడు. "వీడియో తీసేశాం పెద్దమ్మా. అది మా తప్పే. కానీ ప్రార్థన మేం మొదలుపెట్టలేదు. ఆయనే అడిగాడు, తన పేరు పెట్టి చెయ్యమన్నాడు. నాలుగు వారాలుగా మేము ఆయన్ని పేరు పెట్టే పిలుస్తున్నాం. అందుకే మొన్న బూటు విప్పి కాలి పుండు చూపించాడు. మర్నాడు మావాళ్లలో ఇద్దరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు."

ఫోన్ పెట్టేశాక ఆమె ఆర్వెల్ పుస్తకం మళ్లీ తెరిచింది. ఇన్నేళ్లూ ఆ కుర్ర పాస్టరునే మెచ్చుకుంటూ వచ్చింది. కథ అక్కడితో అయిపోలేదు. ఆయన ఇచ్చిన టికెట్ విలువ ఆరు పెన్నీలు. భోజనశాలవాడు నాలుగు పెన్నీల తిండే పెట్టి మిగతాది మింగేవాడు. ఇల్లులేనివాళ్లు ఆ టికెట్‌తో ఇంకెక్కడికీ వెళ్లలేరని వాడికి తెలుసు. ఆ పాస్టరు రెండు నిమిషాలు ఆగి, ఇద్దరి పేర్లడిగి మాట్లాడి ఉంటే సంగతి ఆయన చెవిన పడేది.

కాబట్టి ఈ కాలమ్‌లో పదేపదే రాసిన మాటను ఈ వారం మార్చుకోవాలి. పేరు అడగొచ్చు. అడగాలి కూడా. సీతమ్మ గారి గడపకు బాటసారులు ఒక పూట వచ్చి వెళ్లేవారు. స్ట్రాండ్ గుమ్మంలో మనిషి నెలల తరబడి అక్కడే ఉన్నాడు. వాళ్లకు సరిపోయిన మర్యాద ఈయనకు సరిపోదు. ఆయన కోరితే ప్రార్థనా తప్పు కాదు. వద్దంటే కూడా టీ కప్పు చేతిలోనే ఉండాలి, వచ్చే శుక్రవారమూ రావాలి. కింగ్స్ క్రాస్‌లో, స్టువర్టుపురంలో లేనిది ఆ వద్దనే వీలే. కెమెరా విషయంలో మాత్రం ఈ రచయిత్రి మాట మారదు.

రాత్రిపూట పొట్లాలు పట్టుకుని బయల్దేరే యువతీయువకులు మన ఊళ్ల చర్చిల్లోనూ ఉన్నారు. వాళ్లకు ఒక విన్నపం. ఈసారి ఫోన్లు చర్చిలోనే వదిలి వెళ్లండి. పది పొట్లాలు తక్కువ పంచినా ఫరవాలేదు, ఒక్కరి దగ్గర కూర్చుని పేరు తెలుసుకుని రండి. వచ్చే వారం అదే రోజు, అదే చోటికి వెళ్లి ఆ పేరుతో పిలవండి.