పోలిక ఒకటే, పుట్టుక వేరు

కోల్‌కతాకు దిగువన, హుగ్లీ నది ఒడ్డున బడ్జ్ బడ్జ్ ఉంది. జనపనార మిల్లులకు, చమురు నిల్వలకు పేరుపడిన పట్టణమిది. సముద్రపు ఆటుపోట్లు ఇక్కడి నదిలో కూడా కనిపిస్తాయి. పోటు నీటిలో కొబ్బరికాయ తేలుతుంది. బెంగాలు చెరువుల్లో పండి విరిగిన తామర దుద్దు తేలుతుంది, కలువ విత్తనం తేలుతుంది. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి ‘నీటి ద్వారా విత్తన వ్యాప్తి’ అని రాస్తే మీకు మార్కులు వస్తాయి. కానీ విషయం బోధపడినట్లేనా?

మన పాఠ్యపుస్తకాలు అనుసరించే ఈ పద్ధతికి అతి పెద్ద ఉదాహరణ హెచ్.ఎన్. రిడ్లీ 1930లో ప్రచురించిన ‘ది డిస్పర్సల్ ఆఫ్ ప్లాంట్స్ త్రూఅవుట్ ది వరల్డ్’. సింగపూర్ వృక్షశాస్త్ర తోటను 1888 నుంచి 1911 వరకు నిర్వహించిన రిడ్లీ, తాను చూసిందీ చదివిందీ కలిపి 700కు పైగా పేజీల్లో పొందుపరిచారు. గాలి, నీరు, పక్షులు, జంతువులు, చివరకు మనిషి - ఇలా వాహకాలను బట్టి అధ్యాయాలు సాగుతాయి. సమాచారం కోసం నేటికీ ఈ గ్రంథాన్ని ఆశ్రయించక తప్పదు.

అయితే ఈ అమరికలో ఒక లోపముంది. విత్తనం ఎలా ప్రయాణిస్తుందో ఇది ముందుకు తెస్తుంది. ఆ ప్రయాణ సాధనం మొక్కలో ఏ భాగం నుంచి వచ్చిందన్న ప్రశ్న వెనకబడిపోతుంది. కొబ్బరికాయను తేల్చేది పీచు, అంటే మధ్య ఫలకవచం. తామరలో తేలేది బెండులాంటి పుష్పాసనం. కలువ విత్తనాన్ని తేల్చేది దాన్ని చుట్టి ఉండి గాలిని పట్టి ఉంచే ఎరిల్ అనే పొర. అవసరం ఒకటే, సాధనాలు మూడు. వేరువేరు వంశాలు ఒకే రకమైన పరిష్కారానికి చేరుకోవడాన్నే అభిసారి పరిణామం అంటారు.

పోలికను నమ్మితే ఎంత ప్రమాదమో తామరే చెబుతుంది. బెంథామ్, హుకర్ వర్గీకరణలో తామర, కలువ ఒకే కుటుంబంలో ఉండేవి. డిఎన్ఎ పరిశీలనలు వచ్చాక, తామరకు దగ్గరి బంధువు కలువ కాదనీ, నేలమీద పెరిగే ప్లేన్ వృక్షమనీ తేలింది. 1930లో రిడ్లీకి ఈ ఆధారం లేదు కనుక ఆయనను తప్పుపట్టలేం. నేటి పుస్తకాలకు మాత్రం ఆ సాకు లేదు.

అలాగని ప్రతి పోలికా అభిసారి పరిణామం కాదు. జిల్లేడు విత్తనానికీ, దుష్టపు తీగ విత్తనానికీ ఒక కొనన దూది కుచ్చు ఉంటుంది. ఈ రెండూ ఒకే కుటుంబానివి. ఆ కుచ్చు వాటికి వారసత్వంగా వచ్చింది. బూరుగు దూది అలా కాదు. అది విత్తనం నుంచి కాక, కాయ లోపలి గోడ నుంచి పుడుతుంది. కనుక జిల్లేడునూ బూరుగునూ పోల్చినప్పుడే అభిసారి పరిణామం అనాలి.

పాఠ్యపుస్తకాల్లో మరో పొరపాటు ‘కోసం’ అన్న మాట. ‘గాలిలో ఎగరడం కోసం మొక్క రెక్కలు ఏర్పరచుకుంది’ అని రాస్తారు. మొక్కకు ముందుచూపు లేదు. కాస్త వెడల్పయిన అంచు గల విత్తనాలు తల్లిచెట్టు నీడకు దూరంగా పడి ఎక్కువగా బతికాయి. తరతరాలుగా ఆ లక్షణం నిలిచి పెరిగింది. మద్దిలో ఆ రెక్కలు ఫలకవచం నుంచి, సాల వృక్షంలో రక్షక పత్రాల నుంచి, మునగలో బీజకవచం నుంచి వచ్చాయి.

ఈసారి పండు తినేటప్పుడు మీరే పరీక్షించండి. మామిడిలో మీరు తినేది మధ్య ఫలకవచం. దానిమ్మలో రసం నిండిన బీజకవచం. బడ్జ్ బడ్జ్ ఉన్న దక్షిణ 24 పరగణాల జిల్లాలోనే బారుయీపూర్‌లో పండే లిచీలో ఎరిల్. జీడిమామిడిలో ఉబ్బిన కాడ. నాలుగింటికీ ‘పండు’ అన్న ఒక్క పేరే పెట్టుకున్నాం. పేరు దగ్గర ఆగిపోకుండా ‘ఇది ఏ భాగం?’ అని అడగండి. రిడ్లీ గ్రంథాన్నయినా, మీ పాఠ్యపుస్తకాన్నయినా ఈ ప్రశ్న చేతపట్టుకునే చదవండి.