విడుదల రాత్రి తర్వాత బుధవారం

అశ్వారావుపేటలో ఈ వారం ఒకే గోడమీద రెండు పోస్టర్లు పక్కపక్కనే కనిపించాయి. ఒకటి, తాగేవాడికి తెలియకుండా కూరలో కలిపిపెట్టే మందుది. కింద సెల్ నంబరు. రెండోది మూడు రోజుల ఉపవాస కూటాలది. ఆఖరి రాత్రి తాగుడు నుంచి సంపూర్ణ విడుదల అని పెద్ద అక్షరాలు. మొదటిదాని గురించి చెప్పాల్సింది తక్కువే. అలాంటి పొడుల్లో ఏముంటుందో కొన్నవాళ్లకు తెలియదు. డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ లాంటిది అందులో ఉండి, సంగతి తెలియని మనిషి పైన ఒక క్వార్టర్ తాగాడంటే బీపీ పడిపోయి, గుండె దడదడలాడి ప్రాణం మీదికి వస్తుంది. అది రోగి ఒప్పుకుని, తెలిసి వేసుకోవాల్సిన మందు. ఈ కాలమ్‌కి కోపం తెప్పించింది మాత్రం రెండో పోస్టరు. అందులో సగం నిజం ఉంది మరి.

ముందు మిగతా సగం సంగతి. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఉన్నట్టుండి మానేస్తే ఆరేడు గంటల్లో చేతులు వణకడం మొదలవుతుంది. తొలి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులు గడిచేసరికి కొందరికి మతి తప్పుతుంది. లేని పురుగులు ఒంటిమీద పాకుతాయి, లేని మనుషులు మూల నుంచి పిలుస్తారు, ఒళ్లు కాలిపోతుంది. డెలీరియం ట్రెమెన్స్ అంటారు దీన్ని. వైద్యం అందకపోతే చంపేస్తుంది. మూడు రోజుల కూటంలో మూడో రాత్రికి ఆ మనిషి కేకలు పెడితే చుట్టూ ఉన్నవాళ్లకు కనిపించేది దయ్యం. ఆ పూట అతనికి కావలసింది థయామిన్ సూది, డాక్టరు పక్కనుండి ఇచ్చే డయాజిపామ్ లాంటి మందు. 2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు, అందులో కలిపే మత్తుమందు అందక వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. వాళ్లెవరికీ దయ్యం పట్టలేదు.

బిల్ విల్సన్ కథ తెలియకపోతే ఇక్కడితో ఆగి, ప్రార్థన వద్దు ఆస్పత్రి చాలు అనేయవచ్చు. 1934 డిసెంబరులో న్యూయార్క్‌లోని టౌన్స్ ఆస్పత్రిలో తాగుడు వైద్యానికి నాలుగోసారి చేరిన మనిషి అతను. అప్పటికే ఎబీ థాచర్ అనే పాత తాగుడు స్నేహితుడు ఇంటికొచ్చి, తాను మతం వల్ల మానేశానని చెప్పి వెళ్లాడు. ఆస్పత్రి మంచం మీద, మందులు నడుస్తుండగానే, బిల్ దేవుడనేవాడుంటే కనిపించమని కేకపెట్టాడు. గది వెలుగుతో నిండిందని, కొండమీద గాలి తనలోంచి వీచినట్టు అనిపించిందని తర్వాత చెప్పుకున్నాడు. తనకు పిచ్చెక్కిందేమోనని భయపడితే, డాక్టర్ విలియం సిల్క్‌వర్త్ కాదని చెప్పి, దొరికినదాన్ని వదలొద్దన్నాడు. 1971లో చనిపోయేదాకా బిల్ మళ్లీ తాగలేదు.

అంటే ఒక్క రాత్రి విడుదల జరుగుతుంది. పక్కన డాక్టరు ఉన్న గదిలోనూ జరుగుతుంది. పోస్టరులో నిజమైన సగం ఇది.

పోస్టరు చెప్పనిది ఆ తర్వాతి అయిదు నెలలు. బిల్ కనిపించిన తాగుబోతుకల్లా తన వెలుగు గురించి బోధించాడు. ఒక్కడూ మానలేదు. 1935 మేలో వ్యాపారం పని మీద ఒహాయోలోని ఏక్రన్ వెళ్లి, ఆ పని చెడి, చేతిలో డబ్బు లేక మేఫ్లవర్ హోటల్లో ఒంటరిగా నిలబడ్డాడు. ఒకవైపు బార్ సందడి, ఇంకోవైపు టెలిఫోను, దాని దగ్గర ఊళ్లోని చర్చిల జాబితా. వాల్టర్ టంక్స్ అనే పాస్టరుగారికి ఫోన్ చేశాడు. ఆ దారి చివరికి డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్ దగ్గరికి చేర్చింది. పావుగంట కూర్చుని లేచిపోదామని వచ్చిన డాక్టరు గంటల తరబడి కదల్లేదు. ఈసారి బిల్ వెలుగు గురించి బోధించలేదు. తన తాగుడు కథ చెప్పాడు. అదే ఏడాది జూన్ 10 డాక్టర్ బాబ్ ఆఖరిసారి తాగిన రోజు. తాగుడు మానినవాళ్ల బృందమైన ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) పుట్టినరోజుగా లెక్కపెట్టేదీ ఆ తేదీనే, బిల్‌కి వెలుగు కనిపించిన తేదీని కాదు.

ఆ ఇద్దరికీ పునాది పక్కా క్రైస్తవం. ఫ్రాంక్ బుక్‌మన్ అనే లూథరన్ పాస్టరు మొదలుపెట్టిన ఆక్స్‌ఫర్డ్ గ్రూప్‌లో ఇళ్లలో కూడుకునేవారు. పాపాలు ఒకరికొకరు ఒప్పుకోవడం, చేసిన నష్టం పూడ్చడం, ఉదయాన్నే మౌనంగా దేవుడి మాట కోసం కూర్చోవడం నేర్పేవారు. డాక్టర్ బాబ్‌కి కొండమీది ప్రసంగం, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదమూడో అధ్యాయం, యాకోబు పత్రిక ప్రాణం. ఒకరి పాపాలు ఒకరితో ఒప్పుకొమ్మని యాకోబు చెప్పిన మాట 1939లో అచ్చయిన ఏఏ పన్నెండు మెట్లలో అయిదో మెట్టయి కూర్చుంది.

పాత పాఠకులకు తెలుసు, ఈ కాలమ్ ఏ దారిన బయల్దేరినా దుమ్ముగూడెం వైపు ఒకసారి మళ్లుతుంది. ఈసారి కారణం ఉంది, ఇక్కడి కోయల దగ్గరికి క్రైస్తవం చేరిన దారి అదే. గోదావరి మీద పడవలు నడపాలన్న ఆర్థర్ కాటన్ కలకోసం 1860 ప్రాంతంలో అక్కడ ఆనకట్ట పని చేయించిన ఇంజనీరు హెయిగ్, పనివాళ్లతో ప్రార్థనలు మొదలుపెట్టాడు. ప్రభుత్వ కొలువులో ఉన్న వెంకటరామరాజు అనే ఆయన క్రైస్తవుడై కోయల మధ్య తొలి ప్రచారకుడయ్యాడు. తర్వాత జాన్ కెయిన్ అనే మిషనరీ వచ్చి, కోయ భాష నేర్చుకున్నాడు.  నదిమీద పడవల పథకం మూలపడింది, మిషన్ మిగిలింది.

ఈ అడవి అంచున తాగుడు మానమనడం చిన్న మాట కాదు. ఇప్పసారా వేల్పుకు పోసేది, పెళ్లిలో పంచేది, చావు ఇంట్లో చేతికిచ్చేది. ఒంటరిగా సీసా ముందు కూర్చునే తాగుడు వేరు, చుట్టాలంతా ఒక దొప్పలోంచి తాగేది వేరు. రెండోది వద్దన్నవాడు చుట్టరికాన్నే వద్దన్నట్టు అవుతుంది. అలాంటి మనిషికి ముందు కావలసింది కొత్త చుట్టాలు. సంఘం ఇచ్చింది అదే. 1912లో దోర్నకల్ బిషప్పయిన వి.ఎస్. అజరయ్య, ఆంగ్లికన్ సభలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు, ఊరూరా తిరిగి నాలుగు దయ్యాల మీద పోరాడమనేవారు. అవి మురికి, రోగం, అప్పు, తాగుడు. ఆయన దయ్యమన్నది మూడో రాత్రి కేకలు పెట్టే మనిషిని కాదు. అప్పునీ తాగుడునీ ఒకే వరసలో కూర్చోబెట్టారు.

ఆ వరస ఇప్పటికీ చెదరలేదు. ఇప్పసారా పోయి గుడుంబా, అది పోతే బెల్టుషాపు క్వార్టర్. ఎండాకాలం జీలుగు కల్లు. పామాయిల్ గెలలు కోసిన కూలి డబ్బు సాయంత్రానికి ఎటు పోతుందో ప్రతి ఇంటికీ తెలుసు. రాష్ట్రం గీత దాటితే జంగారెడ్డిగూడెం. 2022 మార్చిలో అక్కడ వరసగా జరిగిన చావులకు నాటుసారాయే కారణమని కుటుంబాలు ఏడ్చాయి, అప్పటి ప్రభుత్వం ఒప్పుకోలేదు.

ఇక్కడే మన సంఘాల్లో సాక్ష్యం చెప్పే తీరు గురించి మాట్లాడాలి. ఒకప్పుడు తాగేవాణ్ణి, ప్రభువు విడిపించాడు. హల్లెలూయా, చప్పట్లు. కథ ముగిసిపోయింది. ముగిసిన కథ చెప్పినవాడు నెల తర్వాత మళ్లీ తాగితే ఏ ముఖంతో వస్తాడు? రాడు. పాస్టరుగారు ఎదురొస్తే సందు మారిపోతాడు. పన్నెండు మెట్ల సమావేశంలో ఇరవై ఏళ్లుగా చుక్క ముట్టనివాడు కూడా తాను తాగుబోతుననే పరిచయం చేసుకుంటాడు, ఈ రోజుకి తాగలేదంటాడు. నిన్న రాత్రి తాగినవాడికీ అక్కడ కుర్చీ ఉంటుంది. మన కూటంలో విజయం చెప్పడానికి మైకు దొరికినంత సులువుగా ఓటమి చెప్పడానికి చాప దొరకదు.

ఎనిమిది, తొమ్మిది మెట్లు ఇంకా గట్టివి. ఎవరెవరిని నష్టపెట్టామో రాసుకోవాలి, ఎదురుగా వెళ్లి సరిచెయ్యాలి. దానివల్ల వాళ్లకి మరింత హాని జరిగే చోట మాత్రం ఆగాలి. ఆఖరి రాత్రి దేవుడు క్షమించాడన్న మనిషి ఇంటికి వెళ్తే, భార్య పుస్తెలు ఇంకా తాకట్టు కొట్లోనే ఉంటాయి. ఆ పుస్తెలు విడిపించేదాకా నడవాల్సిన దారి తొమ్మిదో మెట్టు. సువార్తలో జక్కయ్య నాలుగింతలు తిరిగిస్తానన్నది ఇలాంటి లెక్కే. మూడు రోజుల పోస్టరులో దానికి తేదీ లేదు.

మెట్లలోంచి క్రీస్తు పేరు తీసేయడం బలహీనతేనని ఈ కాలమ్ చాలాకాలం వాదించింది. పేరు లేని దేవుణ్ణి ఎవరు పట్టుకుంటారు? కానీ ఆ పేరును వదులు చేసినవాళ్లు నాస్తికులు మాత్రమే కాదు. జిమ్ బర్‌వెల్ లాంటి వాళ్ల పట్టుదలతో మనకు అర్థమైన రీతిలో దేవుడు అన్న మాట వచ్చింది, నిజమే. ఒక ప్రొటెస్టెంటు ఉద్యమం నీడలో కేథలిక్కులు కూర్చోలేకపోవడం కూడా కారణం. 1939కల్లా తాగుడు మానినవాళ్లు ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ నుంచి వేరుపడ్డారు. ఆ ఏడాదే ఏక్రన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో సిస్టర్ ఇగ్నేషియా, డాక్టర్ బాబ్ పంపిన రోగులను చేర్చుకోవడం మొదలుపెట్టింది. మన దేశంలో ఫాదర్ జోసెఫ్ పెరీరా 1981లో ముంబైలో కృపా ఫౌండేషన్ పెట్టి, ఈ మెట్లకు తన గురువు అయ్యంగార్ యోగాను జోడించారు. వీళ్లెవరికీ క్రీస్తు తక్కువ కాలేదు.

మరి ఈ మెట్లు పనిచేస్తాయా? 2020లో వెలువడిన కాక్రేన్ సమీక్ష 27 అధ్యయనాలు, 10,565 మందిని పరిశీలించింది. మనుషులను ఏఏకి చేర్చే పద్ధతిప్రకారం వైద్యం పొందినవారిలో ఏడాది తర్వాత పూర్తిగా మానేసి ఉన్నది 42 శాతం. ఇతర చికిత్సల్లో 35. దాన్ని నడిపిన హార్వర్డ్ పరిశోధకుడు జాన్ కెల్లీ అంతకుముందే చూపించింది ఏమిటంటే, ఎక్కువ మందిని నిలబెట్టేది మారిన సావాసం. బాగా ముదిరిన తాగుడులో మాత్రం ఆధ్యాత్మికత కూడా గట్టిగా పనిచేస్తుంది. అయ్యప్ప మాల వేసినవాళ్ల ఇళ్లకు ఇది కొత్త కాదు. నలభై ఒక్క రోజులు ఊరంతా స్వామి అని పిలుస్తుంది, భిక్ష, భజన, పడక అన్నీ స్వాములతోనే, మందు గుర్తురాదు. మాల తీసిన సాయంత్రం ఆ సావాసం చెదిరిపోతుంది, పాత సావాసం బెల్టుషాపు దగ్గర కనిపెట్టుకుని ఉంటుంది.

అయితే మన మందిరాల్లో బుధవారం పన్నెండు మెట్ల సమావేశం పెడితే సరిపోతుందా? ఇక్కడ అనుమానం. హైదరాబాద్‌లో ఎవరికీ తెలియకుండా ఏఏ గదిలోకి వెళ్లొచ్చు. అశ్వారావుపేటలో గుమ్మం దాటకముందే మేనమామకు కబురు అందుతుంది. తాగేవాళ్లు పేరు దాచుకుని కూర్చునే చోటు ఇక్కడ తొందరగా పుట్టదు.

బుధవారం ప్రార్థనకి ఇప్పటికే కూర్చుంటున్నది ఆడవాళ్లు. తాగేవాళ్ల కోసం ఏడ్చి ప్రార్థించి లేచిపోతున్నారు. బిల్ భార్య లోయిస్ కూడా ఏళ్ల తరబడి అదే చేసింది. భర్త మానేశాక ఒకరోజు సమావేశానికి తొందరపెడితే చెప్పు తీసి విసిరికొట్టింది. ఆ కోపం ఎక్కడిదో వెతుక్కుంటూ, మెట్లు తనకూ కావాలని గ్రహించి, 1951లో తాగేవారి కుటుంబాల కోసం అల్-అనాన్ మొదలుపెట్టింది. మన దగ్గరా అంతే. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో రోశమ్మా ఆమె తోటివాళ్లూ సారా దుకాణం మూయించగలిగింది, ఒక్కొక్కరి ఇంటి గుట్టు పదిమందిలో చెప్పుకున్నాకే. 1993 అక్టోబరు 1న ఉమ్మడి రాష్ట్రమంతా సారా ఆగింది. ఏజెన్సీలో గ్రామసభకు మత్తు అమ్మకాలను ఆపే, అదుపుచేసే అధికారం 1996 పెసా చట్టంలో రాసి ఉంది.

కాబట్టి ఈ కాలమ్ పాస్టరుగార్లను అడిగేది మూడు రోజుల కూటం మానమని కాదు. ఆ కూటానికి వచ్చే తాగుబోతును ముందు ఏరియా ఆస్పత్రి డాక్టరుకి చూపించమని, లేదా 14446కి ఫోన్ చేయించమని. తర్వాత బుధవారం గదిని, పల్పిట్ లేకుండా, ఆడవాళ్లకి గంటసేపు వదిలెయ్యమని. పక్కింటి హిందూ అమ్మా, వేల్పును కొలిచే కోయ అమ్మా కూడా వచ్చి, తాగే మగవాళ్ల గురించి కాక తమ గురించి మాట్లాడుకునేలా.