చీకటిగదిలో నిలకడ

యాన్సెల్ ఆడమ్స్ 1941లో తీసిన ‘మూన్‌రైజ్’ తొలి ప్రింట్లలో ఆకాశాన పల్చని మబ్బులు కనబడతాయి. తర్వాతి ప్రింట్లలో అవి దాదాపు మాయమై ఆకాశం కాటుక నలుపయింది. నెగటివ్ అదే, 1948లో దాని కింది భాగాన్ని మందుతో బలపరిచాడంతే. ఇదేం నిలకడ అంటారు కొందరు.

నా మటుకు ఇదే నిలకడ. ఆ నలుపు ఆయన కోరి తెచ్చుకున్నది. వెల్లిచందై వంటి ఊళ్లలో, ఇంటి చీకటిగదిలో, కోరనిదే ఎక్కువ వస్తుంది. సాయంత్రం ఓల్టేజి పడితే ఎన్‌లార్జర్ బల్బు మసకబారి ఎర్రబడుతుంది. నిన్నటి పది సెకన్లు ఇవాళ చాలవు. వేసవిలో నీళ్లు 30 డిగ్రీలు దాటితే, 20 డిగ్రీల లెక్కన వాడే డెవలపరు కాగితాన్ని గబగబా నల్లబరుస్తుంది. ఒకప్పుడు ఊటీలో తయారైన ఇందు పేపరుకైనా, సీమ పేపరుకైనా ఈ బాధ తప్పదు. పైగా తడిమీద మెరిసిన తెలుపు ఆరాక మందగిస్తుంది. అప్పుడు తిట్లు తినేది పాపం కాగితమే!

స్టెబిలైజరు పెట్టక, డెవలపరు ట్రేని ఐసునీళ్ల తొట్టిలో ఉంచక, టెస్టు స్ట్రిప్పును ఆరబెట్టి చూడక, వచ్చినదాన్నల్లా ‘నా శైలి’ అంటే మాత్రం నాకు మింగుడుపడదు.